కారణం గడి

ఆ వేసవిలో మా అక్క బడిని మూయించింది నేనే. కావాలని చేసింది కాదు. కావాలని చేసి ఉంటే ఏదో ఒక రోజు కాళ్ల మీద పడి క్షమించమని అడిగేవాణ్ణి. నేను చేసింది ఒక పట్టిక. పట్టిక తయారుచేసినవాడు ఎవరి కాళ్ల మీద పడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడూ ఇప్పుడూ నా పని ఒకటే. విద్యాశాఖ ఆఫీసులో గణాంకాల గుమాస్తాని. మెట్ల కింద ఇరుకు గది, తిరిగితే మూలిగే ఫ్యాను, పాత రిజిస్టర్ల వాసన. ఊళ్లో ఉన్న నలభై సర్కారు బళ్ల అంకెలూ ఏడాదికోసారి ఆ గదికి వస్తాయి. వాటిని దుప్పటంత కాగితం మీద ఎక్కిస్తాను. వరసకో బడి, నిలువు గడికో తరగతి. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అంకెలు కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉంటే ఆ బడి బాగున్నట్టు. ఐదులో ఎక్కువ ఉండి ఒకటిలో తక్కువ ఉంటే మాత్రం అది కుళాయి కట్టేసిన తొట్టి. ఉన్న నీళ్లు ఉన్నన్నాళ్లే. పెద్ద తరగతి వెళ్లిపోతుంది, చిన్న తరగతి పైకి జరుగుతుంది, వెనకాల వచ్చేవాళ్లు ఉండరు. ఇలా చదవడం నాకు ఎవరూ నేర్పలేదు. పద్దెనిమిదేళ్లు అదే కాగితం మీద వంగి కూర్చుంటే దానంతటదే వచ్చింది. ఆఫీసులో అందరూ నన్ను జాతకాలాయన అని పిలిచేవాళ్లు. నేనూ ఆ పేరుకి లోలోపల మురిసిపోయేవాణ్ణి, ఎందుకు అబద్ధం చెప్పడం.

ఆ కాగితంలో చిట్టచివరి గడి పేరు 'కారణం'. రెండు వేళ్ల వెడల్పు ఉంటుంది. ఎక్కడైనా అంకె పడిపోతే ఎందుకు పడిందో అందులో రాయాలి. నాకంటే ముందున్న గుమాస్తాలు నోటికొచ్చింది రాసేసేవాళ్లు. నేను మాత్రం ఒక నియమం పెట్టుకున్నాను. అంకె పడిన ప్రతి బడికీ ఫోన్ చేసి హెడ్మాస్టరుని అడిగి, వాళ్లు చెప్పిందే రాసేవాణ్ణి. ఒకాయన "గేటు పక్కన కుక్క ఈనింది సార్, తల్లులు భయపడి పిల్లల్ని పంపడం లేదు" అన్నాడు. అదే రాశాను. ఆ ఏడాదంతా ఆఫీసులో నవ్వుకున్నారు. నవ్వితే నవ్వారు, నిజం నిజమే కదా అనుకున్నాను.

ఆ ఏడాది పరీక్షలు ముగిసిన వారానికి పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. రాబోయే రెండేళ్లలో ఏ బడి పిల్లల సంఖ్య వందకు తగ్గుతుందో ఇప్పుడే అంచనా కట్టి, అలాంటి బళ్లను ఈ సెలవుల్లోనే పక్క బళ్లలో కలిపెయ్యాలి. అంచనా కట్టేది ఎవరయ్యా అంటే, ఇంకెవరు, జాతకాలాయనే.

మొదటి వారంలోనే మా అక్క బడి వరస దగ్గర నా పెన్సిల్ ఆగింది. ఐదో తరగతి ముప్పై నాలుగు. నాలుగు, ముప్పై మూడు. మూడు, ముప్పై ఒకటి. రెండు, పదిహేడు. ఒకటి, పదహారు. మొత్తం నూట ముప్పై ఒకటి. ఇప్పటికైతే ఫరవాలేదు. కానీ ఆ చివరి రెండు అంకెలు చూడండి. సగానికి సగం. వచ్చే ఏడాది పదిహేను మంది చేరతారు, ఆపై ఏడాది పద్నాలుగు అని లెక్క వేస్తే రెండో ఏటికి తొంభై మూడు తేలింది. నలభై బళ్లలోకీ అంత ఏటవాలు మరో వరసలో లేదు.

ఫోన్ మీద చెయ్యి వేశాను. వేసి తీసేశాను.

ఎందుకు తీశానో చెప్తాను. ఆవిడ నా అక్క. అమ్మ పోయాక నన్ను పెంచింది, ఎక్కాలు నేర్పింది, ఉద్యోగం పరీక్షకి కూర్చోబెట్టింది. ఆవిడ ఆ బడికి హెడ్మిస్ట్రెస్ అని ఆఫీసులో బంట్రోతుకి కూడా తెలుసు. ఫోన్ చేస్తే ఎవరైనా వింటారు. అక్కని ముందే హెచ్చరించాడంటారు, అంకెలు సర్దించాడంటారు. నాకు నా మంచిపేరు అంత ముద్దు. మా అక్క బడి ఉండేది పాత మిల్లు వెనక వీధిలో. మిల్లు మూతపడి మూడేళ్లు. కార్మికులు వెళ్లిపోయి ఉంటారు, ఇంకేముంటుంది! కారణం గడిలో గుండ్రటి అక్షరాలతో 'మిల్లు మూసివేత వల్ల కుటుంబాల వలస' అని రాసి కింది వరసకి వెళ్లిపోయాను. అంకె పడిన మిగతా బళ్లన్నింటికీ ఫోన్ వెళ్లింది. మా అక్క బడికి ఒక్కదానికే వెళ్లలేదు.

మేమంతా ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అక్క, నేను, నా భార్య, మా చిట్టి. సెలవులొస్తే అందరూ ఇంటిపట్టున ఉంటారు, మా అక్కకి మాత్రం కాలు ఒకచోట నిలవదు. మధ్యాహ్నం ఎండ పేలిపోతుంటే గొడుగూ నల్లట్ట నోటుబుక్కూ పట్టుకుని మిల్లు వరస ఇళ్లకి బయల్దేరేది. బడిలో చేర్చాల్సిన పిల్లలు ఎవరి ఇంట్లో ఉన్నారో కనుక్కుని, తల్లిని కూర్చోబెట్టి మాట్లాడి, నోటుబుక్కులో టిక్కు పెట్టుకుని వచ్చేది. తిరిగొచ్చాక బకెట్లో నీళ్లు పోసుకుని కాళ్లు అందులో పెట్టి కూర్చునేది.

"ఈసారి నాకు గది చాలదురోయ్," అంది ఒక సాయంత్రం, కాళ్లు నీళ్లలో ఆడిస్తూ.

ప్రతి టీచరూ ప్రతి వేసవిలో అనే మాటే కదా అని నవ్వి ఊరుకున్నాను. పట్టిక సంగతి ఇంట్లో ఎత్తకూడదని నాకు నేనే ఒట్టు వేసుకున్నాను మరి.

నా భార్య కుట్టుమిషన్ ఆపింది. "మీకు గది చాలకపోతే చాలకపోయె వదినా, మా చిట్టికి మాత్రం ఓ మూల చోటుంచండి. ఏడాదై ఆ సంచీ మేకుకి వేలాడుతోంది."

నిజంగానే వేలాడుతోంది. కిందటేడు బడి తెరిచే ముందు కొన్న సంచీ అది. కొన్న మర్నాడు చిట్టిని చేర్చడానికి తీసుకెళ్తే మా అక్క పుట్టిన తేదీ కాగితం చూసి, చేరే వయసుకి పదకొండు రోజులు తక్కువైందని సొంత మేనకోడల్ని వెనక్కి పంపేసింది. ఆ రోజు మా ఇంట్లో జరిగిన రగడ వీధి వీధంతా విన్నది. చిట్టి మాత్రం రోజూ సాయంత్రం సంచీ తగిలించుకుని వరండాలో అటూ ఇటూ తిరిగి, మళ్లీ మేకుకి తగిలించేది.

"పదకొండు రోజులు!" అంది నా భార్య మళ్లీ. "బజారు బళ్లో అయితే ఆ సారే అడిగి మరీ తేదీ వెనక్కి జరిపి రాసుకునేవాడు. కుట్టించుకోవడానికొచ్చే వాళ్లందరూ అక్కడే చేర్పించారు."

"పదకొండైనా ఒకటైనా నియమం నియమమే అమ్మాయ్. మేనకోడలికో న్యాయం, మేస్త్రి కొడుక్కో న్యాయమా? వాళ్ల మొహం ఎలా చూడను?"

"మీ తమ్ముడూ మీరూ ఒకటే పోత. ఇద్దర్నీ కలిపి మ్యూజియంలో పెట్టాలి."

అక్క పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. చిట్టి సంచీ తగిలించుకుని "అత్తా, ఇంకా ఎన్ని రోజులు?" అని అడిగింది. అక్క వేళ్ల మీద లెక్కబెట్టి చెప్పింది. ఇదంతా నా కళ్ల ముందు జరిగింది. పొద్దున పదహారు అనే అంకె చూసి తల పట్టుకున్న మనిషినే నేను, సాయంత్రం ఆ పదహారులో చేరకుండా ఆగిపోయిన పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని కూడా ఈ రెంటినీ కలిపి చూడలేదు. చిట్టి విషయం నాకు ఇంటి గొడవ. అంకె నాకు ఆఫీసు పని.

పట్టిక పూర్తయింది. మా పెద్దసారు అద్దాలు తుడుచుకుని వరసలన్నీ వేలితో జరుపుకుంటూ చూశారు. మూతపడాల్సిన బళ్లు మూడు తేలాయి. మూడో దాని దగ్గర ఆయన వేలు ఆగింది.

"ఇది మీ అక్కగారిది కదూ?"

"అవును సార్."

"ఒకసారి చూసుకున్నావా?"

"రెండుసార్లు చూశాను సార్. కూడికలో తప్పు లేదు."

ఆయన నా మొహంలోకి చూసి, "నీలాంటివాడు ఆఫీసుకొకడుండాలయ్యా," అన్నారు. ఆ మాటకి నా ఛాతీ ఉబ్బింది. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఇంటికి వెళ్లే దారంతా ఆ మాటే చప్పరించుకుంటూ నడిచాను. అక్కకి ఎలా చెప్పాలా అన్న దిగులు లేకపోలేదు. కానీ ఆ దిగులు కింద, ఎంత కష్టమైన పని ఎంత నిజాయితీగా చేశానో అన్న సంతోషం ఉంది.

పట్టిక పైకి వెళ్లిన నాలుగో రోజు. ఆదివారం. అక్క కాగితాలూ కలమూ తెచ్చి నా ముందు పెట్టింది.

"ఒరేయ్, మీ ఆఫీసుకి ఓ అర్జీ రాసిపెట్టరా. నా రాత మీ వాళ్లు చదవలేరు. ఒకటో తరగతికి ఎనిమిది బెంచీలు కావాలి."

"ఎనిమిదా? పదహారు మందికి ఎనిమిదెందుకక్కా?"

"పదహారేమిట్రా? ముప్పై రెండు. రాయి, 'ఈ సంవత్సరం ఒకటవ తరగతిలో ముప్పై రెండు మంది చేరుచున్నందున...'"

నా కలం కాగితం మీద ఆగిపోయింది. "ముప్పై రెండు ఎక్కణ్ణుంచి వస్తారు? మిల్లు వరస ఖాళీ అయిపోయింది కదా."

"ఎవడు చెప్పాడు నీకు? మిల్లు మూస్తే ఎక్కడికి పోతారు? కొందరు మేస్త్రీ పనుల్లో దిగారు, కొందరు ఇస్త్రీ బండ్లు పెట్టుకున్నారు. ఇళ్లు ఇళ్లలాగే ఉన్నాయి. రోజూ తిరిగేదాన్ని నాకు తెలీదా?" అక్క నల్లట్ట బుక్కు తెరిచింది. "బడిలో చేరే వయసు ఐదు నుంచి ఆరుకి మార్చారు కదా, ఒక్కసారిగా మారిస్తే గోలవుతుందని ఆర్నెల్ల చొప్పున రెండేళ్లలో మార్చారు. అందుకని ఆ రెండేళ్లూ నాకు సగం సగం వచ్చారు. రావాల్సింది అంతే. ఇప్పుడు మార్పు అయిపోయింది. ఈసారి నిండు ఏడాది పిల్లలొస్తారు. కిందటేడు నేను వెనక్కి పంపిన వాళ్లంతా ఇందులో ఉన్నారు చూడు."

చూశాను. అక్క వంకర రాతలో ఒక్కొక్కళ్లూ ఒక్కో వరస. మేస్త్రి కొడుకు, నాలుగు నెలలు తక్కువ, వచ్చే ఏడు రమ్మన్నాను. ఇస్త్రీ ఆయన రెండో కూతురు, రెండు నెలలు తక్కువ, వచ్చే ఏడు రమ్మన్నాను. లారీ డ్రైవరు కవలలు, ఐదు నెలలు తక్కువ, వచ్చే ఏడు రమ్మన్నాను. పేజీ తిప్పాను. ఆఖరి వరస: మా తమ్ముడి కూతురు, పదకొండు రోజులు తక్కువ, వచ్చే ఏడు రమ్మన్నాను.

"మరి మిగతా బళ్లలో అంకె ఇలా సగానికి ఎందుకు పడలేదక్కా?" అడిగాను. జవాబు నాకు ఈపాటికే తెలుసు. నా భార్య ఏడాదిగా మిషన్ తొక్కుతూ చెబుతున్న జవాబే అది.

"తేదీలు జరిపి రాసుకున్నారు కనక. నాకు చేతకాదు కనక. సర్లే, రాయి రాయి, ఎండ ముదరక ముందే వెళ్లాలి."

రాశాను. ఎనిమిది బెంచీలకి అర్జీ, నా చేతి రాతతో, మా ఆఫీసుకే. అక్క కింద సంతకం పెట్టి గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఆఫీసు తలుపులు తీసేసరికి పెద్దసారు గది బయట నిలబడి ఉన్నాను. అంతా చెప్పాను. ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"అంటే నీ పట్టికలో మీ అక్కగారి వరస ఒక్కటే నిజం, మిగతావన్నీ అబద్ధం అంటావు."

"ఒకటో తరగతి, రెండో తరగతి గళ్ల వరకు సార్."

"అయితే రాసివ్వు. ముప్పై తొమ్మిది మంది హెడ్మాస్టర్లు దొంగ తేదీలు వేశారని రాసి కింద సంతకం పెట్టు. వాళ్లందర్నీ ఇంటికి పంపుదాం. ఆ తేదీలు చూసి సరేనని ముద్ర కొట్టిందెవరు? ఈ ఆఫీసు. నేనూ నువ్వూ."

ఆయన కలం తీసి నా వైపు జరిపారు.

"పోనీ మీ అక్క బడి ఒక్కటే తప్పిద్దామా? మొన్న రెండుసార్లు చూశానన్నావు. ఇవాళ వచ్చి మా అక్క నోటుబుక్కు చూశాను సార్ అంటున్నావు. పైవాళ్లు ఏమనుకుంటారయ్యా?" ఆయన గొంతు మెత్తగానే ఉంది. చెడ్డమనిషి కాదు. "ఇంకో సంగతి. ఇది ఆవిణ్ణి ముందే అడగాల్సింది. అందరికీ ఫోన్ చేస్తావు కదా, ఆవిడేం చెప్పింది అప్పుడు?"

నేను బల్ల మీది అద్దాల వంక చూశాను. ఆయనకి అర్థమైంది.

"నోట్ పెట్టు," అన్నారు చివరికి. అరపేజీ రాశాను. ముప్పై తొమ్మిది బళ్ల ఊసు అందులో ఎత్తలేదు, ఎత్తే దమ్ము నాకు లేకపోయింది. ఆ ఊసు లేకపోతే నోటులో ఇంకేముంది, తమ్ముడి వేడుకోలు తప్ప! ఆయన చూసినట్టు ఒక గీత గీసి ఫైల్లో పెట్టారు. ఆ ఫైలు ఎక్కడుందో కూడా నాకు తెలుసు, నా వెనక బీరువాలో రెండో అర.

వారం తర్వాత తపాలు పంచుతూ బంట్రోతు ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పడేశాడు. ఎనిమిది బెంచీలకి అర్జీ. నా చేతి రాత నన్నే చూస్తోంది. అందినట్టు ముద్ర కొట్టాను. అక్కకి ఒక్క ముక్క చెప్పలేదు. రోజూ చెబుదామనే ఇంటికి వెళ్లేవాణ్ణి. అక్క కాళ్లు బకెట్లో పెట్టి ఇవాళ ఎవరింటికెళ్లిందో చెప్పేది, నేను వినేవాణ్ణి, అన్నం తిని పడుకునేవాణ్ణి. పిరికితనం అంటే ఏమిటో నాకు ఆ పదిరోజుల్లో బాగా తెలిసింది. దానికి ఆకలి వేస్తుంది, నిద్ర కూడా పడుతుంది.

బడి తెరవడానికి ఆరు రోజులుందనగా ఉత్తరువు అక్కకి చేరింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వరండాలో కుర్చీలో కూర్చుని ఉంది. బకెట్టు లేదు, గొడుగు లేదు. నా భార్య మిషన్ మీద చేతులు పెట్టుకుని నా వంక అదోలా చూసింది. ఉత్తరువుతోపాటు నా పట్టికలోంచి ఆ ఒక్క వరసా కత్తిరించి జతచేశారు. అక్క దాన్ని మోకాళ్ల మీద పరుచుకుని చూస్తోంది.

"ఇది నీ రాతే కదరా," అంది, కారణం గడి మీద వేలు పెట్టి.

"అవునక్కా."

"మిల్లు మూసివేత వల్ల కుటుంబాల వలస," అని పైకి చదివింది. బళ్లో పిల్లలకి పాఠం చదివి వినిపించినట్టే చదివింది. "అంకె పడితే అందరికీ ఫోన్ చేసి అడుగుతావు కదరా. కుక్క ఈనిందంటే అది కూడా రాశావు. మరి నన్నెందుకు అడగలేదు?"

"నువ్వు అక్కవని."

అక్క తలెత్తి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. "అదా," అంది, అంతే. కాగితం నాలుగు మడతలు పెట్టి నల్లట్ట బుక్కులో పెట్టుకుని లోపలికి వెళ్లింది. చిట్టి వెనకాలే పరిగెత్తి, "అత్తా, ఇంకా ఎన్ని రోజులు?" అని అడిగింది. జవాబు వినపడలేదు.

నా భార్య మాత్రం ఊరుకోలేదు. "పక్కగదిలో ఉన్న మనిషిని ఒక్క మాట అడగడానికి ఏం రోగం మీకు? నోరు పడిపోయిందా?" అని మొదలుపెట్టి ఏడుపులోకి దిగింది. ఏం చెప్పను! పడిపోయిందనే చెప్పాలి.

బడి తెరిచే రోజు అక్క మామూలు వేళకే బయల్దేరింది. ఆవిణ్ణి పెద్దరోడ్డు అవతల ఉన్న పెద్ద బడికి మామూలు టీచరుగా వేశారు. అయినా ముందు తన బడికే వెళ్లింది. నేను ఆఫీసుకి సెలవు పెట్టి వెనకాలే వెళ్లాను. చిట్టి సంచీ తగిలించుకుని నా వేలు పట్టుకుంది, వద్దంటే వినలేదు.

గేటుకి కొత్త తాళం. సందులోంచి చూస్తే ఒకటో తరగతి గది కిటికీ కనపడుతుంది. కిటికీ కింద సున్నం వేసిన గోడ మీద పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు. మిల్లు వరస నుంచి తల్లులూ తండ్రులూ ఒక్కొక్కళ్లే వస్తున్నారు. పిల్లలకి తలలు నున్నగా దువ్వి, ఉతికిన బట్టలు వేశారు. అక్క గేటుకి అడ్డంగా నిలబడి బుక్కు తెరిచి, వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పిందే చెప్పింది. ఈ బడి లేదు, పెద్దరోడ్డు దాటి రావాలి, నేను అక్కడే ఉంటాను, తీసుకురండి.

మేస్త్రి, కొడుకుని భుజాన ఎక్కించుకుని వచ్చాడు. అంతా విన్నాడు. "ఆ రోడ్డు మీద లారీలు ఎట్టా పోతాయో తెలుసు కదమ్మా. నేనూ మా ఆవిడా పొద్దున్నే పనికి పోతాం. ఎవరు దాటిస్తారు వీణ్ణి?" అన్నాడు.

"నేను దాటిస్తాను. రోడ్డు దగ్గర నిలబడతాను."

"అందర్నీనా?"

మేస్త్రి, కొడుకుని కిందకి దించాడు, మళ్లీ ఎత్తుకున్నాడు. "కిందటేడు తేదీ జరపమంటే జరపనన్నారు. నిజాయితీ గల టీచరమ్మ, పిల్లాడికి మంచిదే అనుకున్నాను. వచ్చే ఏడు రమ్మన్నారు. వచ్చాం కదమ్మా." కోపంగా అని ఉంటే బాగుండేది. అడుగుతున్నట్టుగా అన్నాడు.

"నా తప్పే నాయనా," అంది అక్క.

నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. తప్పు నాది అని ఒక్కమాట అనడానికి నాలుగడుగులు వేస్తే చాలు. వేయలేదు. చిట్టి నా చెయ్యి గుంజి, "నాన్నా, అత్త ఏడుస్తోందా?" అని అడిగింది. "ఎండ," అన్నాను.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. పదిహేను రోజులకి అక్క పెద్దరోడ్డు అవతల ఒక గది చూసుకుంది. "మోకాళ్లురా, రోజూ అంత దూరం నడవలేను," అంది. మిట్టమధ్యాహ్నం చెప్పులరిగేలా మిల్లు వరసలన్నీ తిరిగిన మనిషి! ఎవరూ ఎదురు చెప్పలేదు. నా భార్య పక్కబట్టలు కట్టి ఇచ్చింది. పిల్లని ఆ రోడ్డు దాటించి పంపనని ఆమె ఖచ్చితంగా చెప్పి చిట్టిని బజారు బళ్లో వేసింది. చేర్చుకునేటప్పుడు అక్కడి సారు, "తేదీ ఏం వేయమంటారమ్మా?" అని నవ్వుతూ అడిగాడట. ఏడేళ్లు నిండిన పిల్లకి! ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నా భార్య కూడా నవ్వింది. ఆ నవ్వు వినలేకపోయాను.

వానలు ముదిరాక అంకెలు మళ్లీ నా గదికి వచ్చాయి. దుప్పటంత కాగితం పరిచాను. ఈసారి వరసలు ముప్పై ఏడే. పెద్ద బడి వరసలో, మా అక్క బడిలో చేరాల్సి ఉండి ఇక్కడ చేరిన ఒకటో తరగతి పిల్లలని వేరుగా చూపించారు. పద్నాలుగు.

పెద్దసారు నా భుజం మీద నుంచి వంగి చూశారు. ఫైల్లోంచి వేసవి పట్టిక తీసి పక్కన పెట్టారు. "పదిహేను అన్నావు, పద్నాలుగు వచ్చారు. ఒక్కటే తేడా," అన్నారు. "ఊరికే కంగారు పడ్డావయ్యా అప్పుడు. నీ లెక్క ఎప్పుడైనా తప్పిందా?" ఆ అంకె అలా ఎందుకు వచ్చిందో ఆయనకి నిజంగానే గుర్తులేదు. పట్టికకి కూడా గుర్తుండదు. వేసవిలో నేను రాసిన అబద్ధం ఇప్పుడు అచ్చంగా నిజమై కూర్చుంది.

ముప్పై రెండులో పద్నాలుగు పోతే పద్దెనిమిది. కారణం గడి ఖాళీగా ఉంది. ఆయన వెళ్లాక పెద్ద బడికి ఫోన్ చేశాను. ఒకటో తరగతి టీచరమ్మని పిలవమన్నాను. చెప్పుల చప్పుడు దగ్గరకొచ్చింది.

"హలో."

"అక్కా, నేను. ఆఫీసు నుంచి." చిత్తుకాగితం దగ్గరకి లాక్కున్నాను. "ఒకటో తరగతిలో పద్దెనిమిది మంది తగ్గారు. కారణం... కారణం అడుగుదామని."

అవతల బుక్కు పేజీలు తిరిగిన చప్పుడు.

"రాసుకోండి సార్," అంది మా అక్క.

"అక్కా..."

"రాసుకోండి. మేస్త్రి కొడుకు, తల్లితో పాటు ఇసుక గుట్టల దగ్గర ఉంటున్నాడు. ఇస్త్రీ ఆయన రెండో కూతురు, ఇంట్లో చంటిదాన్ని ఆడిస్తోంది. లారీ డ్రైవరు కవలలు, ఒకడు రోడ్డు దాటడానికి జడిశాడు, వాడు రాకపోతే రెండోవాడూ రానన్నాడు. పాలు పోసే ఆవిడ మనవరాలు, నాలుగు రోజులొచ్చింది, ఆ తర్వాత జ్వరం, ఆ తర్వాత రాలేదు..."

ఒక్కొక్కళ్లనీ చెప్పింది. తొందరపడలేదు, గొంతు పెంచలేదు. నేను చిత్తుకాగితం మీద రాసుకుంటూ పోయాను. రెండు పక్కలా నిండింది. పదిహేడు అయ్యాయి.

"పద్దెనిమిదోది మీకు తెలుసు సార్," అంది.

చిట్టి పేరు రాశాను.

"ఇంకేమైనా కావాలా?"

ఇంటికి రమ్మందామనుకున్నాను. చిట్టి రోజూ అడుగుతోందని చెబుదామనుకున్నాను. "లేదు," అన్నాను. ఫోన్ పెట్టేసింది.

చిత్తుకాగితాన్ని పట్టిక పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పద్దెనిమిది మంది, రెండు వేళ్ల గడి. ఎంత సన్నగా రాసినా మేస్త్రి కొడుకు దగ్గరే గడి నిండిపోతుంది. బంట్రోతు రెండుసార్లు తొంగి చూశాడు, పట్టిక పైకి పంపాలట. కలం తీసుకున్నాను. అలవాటైన చెయ్యి కదా, గుండ్రటి అక్షరాలతో 'కుటుంబాల వలస' అని రాసి కింది వరసకి వెళ్లిపోయాను.